పోటు తెలిస్తే గేలానికి చేప, మోటారుకు మంచినీరు

సంక్రాంతి వెళ్ళింది. ధాన్యం కళ్ళం దాటి ఇంటికి చేరింది. పెసర, మినుము ఇంకా పూతకు రాలేదు. ఇలా చేతిలో రెండు రోజులు ఖాళీ దొరికితే నలుగురు స్నేహితులు కలిసి గేలాలు పట్టుకుని ఏటి మొగకు బయలుదేరడం మన జిల్లాల్లో మామూలే. అయితే పొద్దున్నే వెళ్ళి పొద్దుగూకే వరకు కూర్చున్నా ఒక్క జెల్ల పిల్ల కూడా తగల్లేదని ఉత్త చేతులతో తిరిగి వచ్చేవారే ఎక్కువ. అదే జెట్టీ మీదకు మత్స్యకారుడు ఏ పదింటికో వచ్చి, రెండు గంటల్లో ఇంటి కూరకు సరిపడా పట్టుకుని వెళ్ళిపోతాడు. ఆయన నీటి వేళ చూసుకుని వస్తాడు. మనం పనిలేని రోజు చూసుకుని వెళతాం.

ఈ నీటి వేళ సంగతి గేలం సరదాకు మాత్రమే అనుకుంటే పొరపాటు. ఏటి చివర పొలాలున్న రైతుకు ఇది పంట సంగతి. ఏటిలో ఫుట్‌వాల్వు దించి అపరాలకో, కూరగాయలకో నీరు పెట్టేవారు ఏ వేళకు మోటారు వేస్తున్నారన్నది చాలా ముఖ్యం. వేళ తప్పితే డబ్బు పెట్టి డీజిలు కాల్చి ఉప్పునీరు తోడి మడిలో పోసుకున్నట్టే. ఒక రోజు జెట్టీ మీద గేలం వేసుకుని కూర్చుంటే ఈ లెక్కంతా కళ్ళ ముందే జరుగుతుంది. అందుకే ఈ వారం సేద్యం పేజీలో గేలం కబుర్లు.

ఏరు వెనక్కి ఎందుకు పోతుంది?

వంశధార ఒడిశా కొండల్లో పుట్టి, సుమారు 250 కిలోమీటర్లు నడిచి, గార మండలం కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. నాగావళి కూడా దాదాపు అంత దూరమే నడిచి, శ్రీకాకుళం దాటాక కళ్ళేపల్లి వద్ద కలుస్తుంది. మహేంద్రతనయ బారువ దగ్గర, విజయనగరం జిల్లాలో చంపావతి కోనాడ దగ్గర కలుస్తాయి. భావనపాడు దగ్గరున్నది క్రీకు. అక్కడా సముద్రపు నీరు లోపలికి వచ్చి పోతుంటుంది కనుక లెక్క అదే.

మెట్ట ఊరి నుంచి మొదటిసారి వచ్చినవాడు జెట్టీ మీద నిలబడి, "ఏటి బావా, ఏరు ఎనక్కి పోతందేటి?" అని నోరు తెరుస్తాడు. నిజంగానే పోతుంది. చంద్రుడు, సూర్యుడు లాగే లాగుడుకు సముద్రం రోజుకు రెండుసార్లు లేచి రెండుసార్లు దిగుతుంది. లేవడం పోటు, దిగడం పాటు. సముద్రం లేచినప్పుడు ఏటి నీటిని అడ్డగించి, తన నీటిని ఏట్లోకి తోస్తుంది. కిందకు పోవలసిన గడ్డీ గాదం పైకి ఎదురు నడుస్తాయి. విశాఖ తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకు, పాటుకు మధ్య తేడా సుమారు ఒకటిన్నర మీటర్లు. అష్టమి ప్రాంతాల్లో అది అర మీటరు దగ్గరకు పడిపోతుంది. అష్టమి నాడు గేలం పట్టుకుని వెళ్ళినవారికి నీరు కదలదు, చేప కదలదు.

వేళ లెక్క మన పెద్దల గడియల్లో చెప్పుకుంటే తేలిక. గడియ అంటే 24 నిమిషాలు. పోటు రోజుకు రెండు గడియలు వెనక పడుతుంది. ఈ రోజు ఉదయం 8 గంటలకు నిండుపోటు అయితే, మళ్ళీ రాత్రి 8.25 ప్రాంతంలో, రేపు ఉదయం 8.50 ప్రాంతంలో నిండుతుంది. అలా జరుగుతూ జరుగుతూ పక్షం తిరిగేసరికి మళ్ళీ మొదటి వేళకే వస్తుంది. ఈ అమావాస్యకు మీ రేవులో ఎన్నింటికి పోటు నిండిందో ఒక్కసారి చూసి రాసుకోండి. వచ్చే పౌర్ణమికి కూడా దాదాపు అదే వేళ. ఆపైన పంచాంగంలో తిథి చూసుకుని, తిథికి రెండు గడియలు కలుపుకుంటూ పోతే చాలు. ఒక పావుగంట, అరగంట అటూ ఇటూ అవుతుంది. దానికి ఇబ్బంది లేదు.

ఒకటి గుర్తుంచుకోవాలి. మొగ దగ్గర పోటు నిండిన వేళకు పైనున్న ఊరి దగ్గర ఇంకా నిండదు. ఎంత పైకి పోతే అంత ఆలస్యం. కళింగపట్నం వేళ తెచ్చి శాలిహుండం దగ్గర మోటారుకు వాడితే కుదరదు. ఎవరి రేవు లెక్క వారే చూసుకోవాలి. దీనికి పెద్ద సామాను అక్కర్లేదు. గట్టు పక్కన వెదురుకర్ర పాతి, జానకో గీత గీసి, గంటకోసారి నీటి మట్టం చూస్తే సరిపోతుంది. పిల్లలకు అప్పజెప్పినా సరదాగా చేస్తారు.

జెట్టీ కిందకే చేప ఎందుకు వస్తుంది?

జెట్టీ అంటే ఓడల రేవే కానక్కర్లేదు. పడవలు కట్టుకోవడానికి గట్టు నుంచి నీటిలోకి కట్టిన సిమెంటు దిమ్మె కావచ్చు, కర్రల కట్టడం కావచ్చు. నీటిలో మునిగి ఉండే స్తంభాలకు గుల్లలు, ఆల్చిప్పలు, నాచు పడతాయి. వాటి కోసం చిన్న రొయ్యలు, పీతలు, చిరుచేపలు చేరతాయి. వాటి కోసం పెద్ద చేప వస్తుంది. పైగా ప్రవాహం జోరుగా ఉన్నప్పుడు స్తంభం చాటున నీరు నిదానంగా ఉంటుంది. పండుగప్ప లాంటి చేప ఎదురీదుతూ అలిసిపోదు. చాటున నిలబడి, కొట్టుకొచ్చే రొయ్యను అందుకుంటుంది. కనుక గేలాన్ని నడి ఏట్లోకి విసరడం కంటే స్తంభానికి మూడు నాలుగు మూరల దూరంలో వదలడమే మేలు. మరీ దగ్గరైతే గుల్లల అంచుకు దారం పుటుక్కుమంటుంది.

మంచి వేళ ఏది? పాటు పూర్తయి పోటు మొదలైన మొదటి గంటా రెండు గంటలు. మళ్ళీ పోటు నిండే ముందు గంట, పాటు మొదలైన తరువాత గంట. నిండుపోటు మీద నీరు నిలిచిపోయిన కాసేపు గేలాలు పక్కన పెట్టి చోడి అంబలి తాగండి, లేదా కబుర్లు చెప్పుకోండి. పిల్ల గెడ్డలు ఏట్లో కలిసే చోటయితే పాటు వేళే బాగుంటుంది. గెడ్డలోంచి పురుగూ పుట్రా, రొయ్యపిల్లలూ బయటకు కొట్టుకొస్తాయని చేపలు మూతి దగ్గరే కాసుకుని ఉంటాయి.

ఎర విషయంలో మన పొలం ఎర్రలు ఉప్పునీటిలో ఎక్కువసేపు బతకవు. రేవులో దొరికే చిన్న రొయ్యే మంచిది. బతికిన రొయ్యను తోక దగ్గర గుచ్చాలి. తలలో నల్లగా కనిపించే చోట ముల్లు తగిలితే అప్పుడే చస్తుంది. నాచు, బురద తినే బొంతలకు రొయ్య పనికిరాదు. వాటికి పిండిముద్ద పెట్టి, జీలుగ బెండు కట్టి పైపైన తేలేలా వదలాలి. పండుగప్ప, జెల్ల, మాగ లాంటివాటికి సీసం గుండు కట్టి అడుగుకు దించాలి.

పైన తీపి, అడుగున ఉప్పు

రైతు బాగా గమనించవలసింది ఇక్కడే. జెట్టీ మీద కూర్చుని ఏటి నీరు దోసిట పట్టి నోట్లో పోసుకుంటే ఒక్కోసారి చప్పగానే ఉంటుంది. అదే చోట అడుగుకు దించిన గేలానికి సముద్రపు చేప తగులుతుంది. ఉప్పునీరు మంచినీటి కంటే బరువు. పోటుతో వచ్చే ఉప్పునీరు ఏటి అడుగున నాగలి కర్రులా దూసుకుంటూ పైకి వస్తుంది. మంచినీరు దాని మీద తేలుతూ కిందకు పోతుంటుంది. పోటు బలంగా ఉన్నప్పుడు, గాలి ఎక్కువైనప్పుడు రెండూ కలిసిపోతాయి. లేనప్పుడు పైన రుచి చూసి లోపల నీరు మంచిదని చెప్పలేం.

మన ఫుట్‌వాల్వు ఎక్కడుంటుంది? అడుగునే. గట్టు మీద నిలబడి పైనీరు రుచి చూసి, అడుగునున్న ఉప్పునీరు తోడుతున్నామన్నమాట. మాఘం నుంచి వైశాఖం వరకు ఏట్లో పైనుంచి వచ్చే నీరు తగ్గిపోతుంది. ఆ నెలల్లో పోటు మరింత పైకి ఎక్కుతుంది. పోయినేడు బాగున్న రేవు ఈ ఏడు కూడా బాగుంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

చేయవలసినవి పెద్ద ఖర్చు పనులు కావు. ఫుట్‌వాల్వును అడుగున పడేయకుండా ఖాళీ డ్రమ్ముకో, అరటిబొందల తెప్పకో కట్టి, పైనీటికి రెండు మూడు అడుగుల లోపల వేలాడేలా చూడాలి. వాల్వు గాలి పీల్చకుండా చూసుకుంటే చాలు. మోటారును పాటు చివరి గంటల్లో వేయాలి. అప్పటికి పైనుంచి వచ్చిన నీరు మొగ వైపు బాగా దిగి ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి పోట్ల రోజుల్లో అవసరం తప్పితే తోడకపోవడం మంచిది. కరెంటు ఇచ్చే వేళ, పాటు వేళ కలవడం లేదన్నది చాలామంది బాధ. అది నిజమే. అలాంటివారు నలుగురు కలిసి ఒక చిన్న గుంత తవ్వుకుని, పాటు వేళ ఆయిలింజనుతో నింపుకుని, తరువాత మడికి పెట్టుకోవచ్చు. గుంత ఇసుక నేలలో అయితే నిలవదు, బంకమన్ను ఉన్నచోటే పనికొస్తుంది.

వరి నారుమడిలోనూ, పొట్ట, పూత దశల్లోనూ ఉప్పుకు బాగా జడుస్తుంది. పెసర, మినుము అన్ని దశల్లోనూ జడుస్తాయి. ఆకు అంచులు కాలినట్టు ఎండిపోతే పురుగు అనుకుని మందు కొట్టేవారున్నారు. ఏటి పక్క పొలమైతే ముందు నీటిని అనుమానించండి.

జాగ్రత్తలు, కొన్ని మర్యాదలు

నిండుపోటు తిరిగి పాటు పట్టిన వేళ, అందులోనూ అమావాస్య, పౌర్ణమి రోజుల్లో, మొగ దగ్గర లాగుడు మామూలుగా ఉండదు. మోకాలి లోతు నీరే కదా అని దిగితే కాళ్ళ కింద ఇసుక జారిపోతుంది. ఇసుక దిబ్బలు ఏటా చోటు మారుతుంటాయి కనుక పోయినేడు నడిచిన దారి ఈ ఏడు లోతు కావచ్చు. పోటు వచ్చే వేళకు దిబ్బ మీద ఉండిపోయి చుట్టూ నీరు చేరితే తిరిగి రావడం కష్టం. ఈత వచ్చినవారు కూడా నీటిలో దిగకుండా జెట్టీ మీదే ఉండాలి. మందు తాగి జెట్టీ ఎక్కవద్దు, ఎక్కేవారిని స్నేహితులే ఆపాలి. వానాకాలంలో వంశధారకు గొట్టా బ్యారేజీ దగ్గర, నాగావళికి తోటపల్లి, నారాయణపురం దగ్గర నీరు వదిలారని వింటే ఆ రోజు ప్రయాణం మానుకోవడమే. భావనపాడు పక్కన మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన అయింది. పనుల చోటికి గేలాలతో వెళ్ళవద్దు.

జెల్లకు వీపు మీద, రెక్కల దగ్గర విషపు ముళ్ళుంటాయి. గుచ్చుకుంటే చెయ్యి మంట పెట్టి వాస్తుంది. ఓర్చుకోగలిగినంత వేడినీటిలో చెయ్యి పెట్టి ఉంచితే నొప్పి తగ్గుతుంది. తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి. గేలం నుంచి తీయగానే పొట్ట బుడగలా ఉబ్బించుకునే చేప తగిలితే నీటిలో వదిలేయండి. దానిలో ప్రాణం తీసే విషముంటుంది. వండినా పోదు. కోళ్ళకూ పిల్లులకూ కూడా వేయవద్దు.

జానెడు లేని పండుగప్పను వదిలేయండి. ఈ చేప మొదట మగదిగా ఉండి, కొన్నేళ్ళకు ఆడదిగా మారుతుంది. పెద్ద పండుగప్పలన్నీ దాదాపు ఆడవే. పిల్లలన్నీ కూరకు పోతే గుడ్లు పెట్టే తల్లి మిగలదు. గుడ్ల పీతను కూడా వదిలేయడం మంచిది. 1990ల్లో టైగర్ రొయ్యల చెరువుల జోరులో సన్నకన్ను వలలతో గెడ్డలన్నీ జల్లించారు. టైగర్ పిల్లను ఏరుకుని, మిగతా చేపపిల్లల్ని గట్టున పారబోశారు. ఆ రోజులు చూసినవారికి ఈ మాట వివరంగా చెప్పనక్కర్లేదు.

జెట్టీ మత్స్యకారులది. పడవ తాళ్ళకు గేలం తగలనీయకుండా, వారు సరుకు దించే వేళ పక్కకు తప్పుకోండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మోటారు, మెకనైజ్డ్ బోట్ల వేటకు విరామం. ఆ రెండు నెలలూ పడవలన్నీ రేవులోనే కట్టి ఉంటాయి. జెట్టీ మీద చోటు తక్కువ. అడిగి కూర్చుంటే వాళ్ళే మంచి వేళ, మంచి చోటు చెబుతారు.

వెళ్ళిన రోజే ఒక పని చేసుకు రండి. అర లీటరు సీసా శుభ్రంగా కడిగి, మెడకు సీసం గుండ్లు కట్టి, బిరడాకు వేరే దారం కట్టండి. దాన్ని మీ ఫుట్‌వాల్వు ఉండే లోతుకు దించి, బిరడా దారం గట్టిగా లాగితే ఆ లోతు నీరే సీసాలో నిండుతుంది. నిండుపోటు వేళ ఒకటి, పాటు చివర ఒకటి, రెండు సీసాలు పట్టండి. వాటి మీద తేదీ, తిథి, గంట, రేవు పేరు రాసి భూసార పరీక్ష కేంద్రానికి ఇవ్వండి. ఆమదాలవలసలోను, రస్తాకుంటుబాయిలోను ఉన్న కృషి విజ్ఞాన కేంద్రాల వారిని అడిగినా దారి చెబుతారు. ఫలితంలో ఈసీ అని ఉండే అంకె చూడండి. అది రెండు దాటిన వేళ ఏదో తెలిస్తే ఆ వేళ మోటారు కట్టేసి ఉంచవచ్చు.