భయం ఎందుకు? మరణం తర్వాత ఏమిటి?

సింహాచలం కొండ మెట్ల మీదుగా తొలి పావంచా వైపు దిగుతున్నారనుకోండి. చీకటి పడింది. పక్క పొదలో ఎండుటాకులు గలగలమన్నాయి. అది ఎలుకో, పామో మీకు తెలియదు. తెలిసేలోపలే కాలు ఆగిపోయింది, గుండె దడదడ కొట్టుకుంది, అరచేతులకు చెమట పట్టింది. ఆలోచించకుండానే ఇదంతా ఎలా జరిగింది?

మెదడులో బాదంపలుకు ఆకారంలో అమిగ్డలా అనే చిన్న భాగం ఉంది. ప్రమాదమనిపించే చప్పుడుకు అది చప్పున స్పందిస్తుంది. మూత్రపిండాల పైనున్న అధివృక్క గ్రంథులకు నరాల ద్వారా కబురు వెళ్తుంది. అవి ఎడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. కాలేయం తాను దాచిన గ్లూకోజును విడుదల చేస్తుంది. కాళ్ళూ చేతుల కండరాలకు రక్తం ఎక్కువగా పారుతుంది. పారిపోవడానికో, ఎదిరించడానికో శరీరం సిద్ధమైందన్నమాట! అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో ఈ సంగతిని వివరించాడు.

ఇది సహజాతం, ఎవరూ నేర్పనక్కరలేదు. పెద్ద చప్పుడుకు పసిపాప ఉలిక్కిపడటం మీరు చూసే ఉంటారు. కాని పసిపాపకు దెయ్యమంటే భయం లేదు. ఆ భయాన్ని కథలు చెప్పి మనమే నేర్పుతాం.

శవం కొయ్యబారితే కొందరు జడుసుకుంటారు. కారణం తెలిస్తే జడుపు ఉండదు. కండరం బిగియడానికే కాదు, సడలడానికి కూడా ఏ.టి.పి. అనే పదార్థం కావాలి. 1929లో దాన్ని కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఊపిరి ఆగితే ఆక్సిజన్ అందదు, ఏ.టి.పి. క్రమంగా అయిపోతుంది. కొన్ని గంటల్లో కండరాలు సడలలేక బిగుసుకుంటాయి. ఒకటి రెండు రోజుల్లో ప్రోటీన్లు విచ్ఛిన్నమై ఆ బిగువు వదులుతుంది. మరి శవానికి గోళ్ళు పెరుగుతాయంటారే? పెరగవు. చుట్టూ ఉన్న చర్మం ఎండి ముడుచుకుపోవడం వల్ల అలా కనిపిస్తాయి.

ఆత్మ ఏమవుతుందన్న ప్రశ్నకు ఒక్కో మతం ఒక్కో జవాబు చెబుతుంది. శరీరం సంగతి సైన్సు చెప్పగలదు. అన్ని కణాలూ ఒక్కసారే చనిపోవు. ఆక్సిజన్ లేకపోతే మెదడు కణాలు కొద్ది నిమిషాలకే దెబ్బతింటాయి. కంటి ముందున్న పారదర్శకపు పొర, కార్నియా, కొన్ని గంటలు పాడవకుండా ఉంటుంది. దానిలో రక్తనాళాలు లేవు. బ్రతికి ఉన్నప్పుడు కూడా అది గాలి నుంచే ఆక్సిజన్ తీసుకుంటుంది. అందుకే మరణించిన 6 గంటల లోపల దాన్ని సేకరించి, కార్నియా చెడి చూపు పోయినవారికి అమర్చవచ్చు.

విశాఖపట్నంలో హనుమంతవాక దగ్గరున్న ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఈ చికిత్స చేస్తారు. "కళ్ళిస్తే వచ్చే జన్మలో గుడ్డివాళ్ళుగా పుడతారు" అనే భయంతో చాలా ఇళ్ళలో ఆ 6 గంటలూ గడిచిపోతాయి. ఇదీ నేర్చుకున్న భయమే! నేర్చుకున్నదాన్ని వదులుకోవచ్చు కదా?

దుఃఖంలో ఉన్నప్పుడు ఈ మాట ఎత్తడం కష్టం. కనుక అందరూ క్షేమంగా ఉన్నప్పుడే ఇంట్లో మాట్లాడండి. నేత్రదానానికి వయసు అడ్డు కాదు, కళ్ళద్దాలూ అడ్డు కావు. నేత్రనిధి వారు వచ్చేలోపల కనురెప్పలు మూసి, తడి దూది వేసి, ఫ్యాను ఆపి, తల కింద దిండు పెట్టాలి. ఇది మీరూ చేయగలరు.