పింగాణీ ఏనుగు ఏ దేశానిది?

సూరత్‌లోని బమ్రోలిలో మీ ఇంటి అద్దాల బీరువాలో ఓ పాత పింగాణీ ఏనుగు ఉందనుకోండి. అది ఎక్కడ తయారైందో ఎలా తెలుస్తుంది?

ముందు దాన్ని మెత్తటి గుడ్డ మీద జాగ్రత్తగా తిరగేయండి. అడుగున ముద్ర ఉందా? అమెరికాకు వచ్చే విదేశీ సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలన్న చట్టం 1891లో అమల్లోకి వచ్చింది. దాంతో జపాన్ బొమ్మల మీద ‘నిప్పాన్’ అని, అంటే జపాన్‌కు ఆ దేశ భాషలో ఉన్న పేరు, వేసేవారు. 1921లో దాని బదులు ‘జపాన్’ అనే ఉండాలని అమెరికా నిర్ణయించింది. అందుకే ముద్ర దేశాన్నే కాదు, కాలాన్నీ చెబుతుంది. జర్మనీలోని మైసెన్ కార్ఖానా గుర్తు, ఒకదాని మీద ఒకటి అడ్డంగా ఉన్న రెండు నీలి కత్తులు.

ముద్ర ఒక్కటే చాలా? చాలదు. పేరున్న ముద్రలకు నకళ్లు ఎక్కువ. అందుకే మెరుపు పూత లేని చోట మట్టిని చూడాలి. పింగాణీ తెల్లగా ఉంటుంది, పలుచని చోట వెలుగును కాస్త లోపలికి రానిస్తుంది. టెర్రకోట ఎర్రగా ఉంటుంది.

అడుగున చిన్న రంధ్రం ఎందుకు? బోలు బొమ్మను కాల్చేటప్పుడు లోపలి వేడిగాలి, ఆవిరి బయటికి పోవడానికి. లేకపోతే బొమ్మ పగిలిపోవచ్చు.

అసలు ముద్రే లేకపోతే? దొరికిన చోటు ఆధారమవుతుంది. గుజరాత్‌లోని లోథాల్‌లో 1955లో మొదలైన తవ్వకాల్లో హరప్పా కాలపు మట్టి జంతువుల బొమ్మలు దొరికాయి. అవి బయటపడిన మట్టి పొరే వాటి వయసుకు ఆధారం. కాబట్టి పాత బొమ్మ నేలలో కనిపిస్తే పెకలించకండి, పెద్దలకు చెప్పండి. చోటు మారితే చరిత్ర పోతుంది.