ఎవరెస్టుకు ఓనమాలు భువనగిరి బండపైనే

భువనగిరి: ఎవరెస్టు అధిరోహణకు దేహదారుఢ్యం ఒక్కటే చాలదు. ఆకలి లేకున్నా తినడం, ఓపిక ఉన్నా ఆగడం అలవరచుకోవాలి. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 13 ఏళ్ల 11 నెలల వయసులో 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఈ శిఖరాన్ని చేరుకున్నారు. అప్పటి ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ ఆమెతోపాటు శిఖరమెక్కారు. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులైన వీరిరువురూ భువనగిరి కోట ఏకశిలపై ఓనమాలు దిద్దుకున్నారు. అనంతరం డార్జిలింగ్, లడఖ్‌లలో మంచుపై, చలిలో శిక్షణ పొందారు.

ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలుచబడుతుంది. సముద్రమట్టం వద్ద లభించే ప్రాణవాయువులో మూడో వంతు మాత్రమే 8,848 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అందుకే సాధకులు పగలు పైకెక్కి, రాత్రి దిగువ శిబిరంలో నిద్రిస్తారు. వారాలపాటు ఇలా చేస్తే రక్తంలో ఎర్రకణాలు పెరిగి శరీరం అలవాటు పడుతుంది.

అక్కడ శక్తి అవసరం పెరిగినా ఆకలి మందగిస్తుంది. తినకుంటే కండరాలు కరుగుతాయి. అన్నం, నూడుల్స్ వంటి పిండిపదార్థాలు కొవ్వు కంటే తక్కువ ప్రాణవాయువుతోనే శక్తినిస్తాయి కనుక వాటికే ప్రాధాన్యం. పొడిగాలిలో శ్వాసతోపాటు ఒంట్లోని నీరూ పోతుంది. కాబట్టి దాహం వేయకున్నా మంచు కరిగించి సూపు, టీ తాగుతుండాలి.

తీవ్రమైన తలనొప్పి, వాంతులు, నడకలో తూలుడు కనిపిస్తే ప్రాణాపాయమే. శిఖరం ఎంత చేరువలో ఉన్నా తక్షణం కిందికి దిగాలి. ఔత్సాహిక యువత తొలుత నేర్వవలసిన పాఠమిదే. క్రమశిక్షణతో సాగిన పూర్ణ 2022లో డెనాలి అధిరోహణతో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను పూర్తి చేశారు.