మెత్తని ముద్ద

'లంఖణం పరమౌషధం' అన్నది తెలుగువారి ఇళ్ళలో తరతరాలుగా వినవచ్చే మాట. జ్వరం తగిలినా, కడుపు చెడినా ఒకపూట పస్తుండడం మేలని పెద్దలు చెబుతారు. అజీర్తి వంటి చిన్న రుగ్మతలకు ఆ మాట కొంతవరకు వర్తించవచ్చు. కాని పస్తు ఔషధం కాకపోగా, హానికరంగా పరిణమించే వ్యాధులు కూడ ఉన్నాయి. వాటిలో నోటి క్యాన్సర్ ఒకటి. ఈ వ్యాధికి చికిత్స పొందిన రోగి ఇంట్లో అన్నం ఉంటుంది, పెట్టే చేతులు ఉంటాయి. తినడానికి నోరు మాత్రం సహకరించదు. ఆ స్థితిలో అతనికి ఏమి పెట్టాలి, ఎలా పెట్టాలి అన్న ప్రశ్నకు సమాధానం ఆసుపత్రిలో మొదలై ఇంటి వంటగదిలో పూర్తవుతుంది.

ఏలూరు జిల్లాలోని దెందులూరు ప్రాంతం ఆహార సమృద్ధికి నెలవు. ప్రాచీన వేంగీ రాజ్యానికి రాజధానియైన పెదవేగి దీనికి సమీపంలోనే ఉన్నది. చుట్టూ వరిచేలు, అరటి, కొబ్బరి, నిమ్మ తోటలు. దక్షిణాన కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ విస్తరించిన కొల్లేరు సరస్సు. తూర్పుదిక్కున బియ్యపు మిల్లులకు పేరుపడిన తాడేపల్లిగూడెం. ఇక్కడి భోజనానికి ఆవకాయ కారం, చింతపండు పులుపు, చేపల పులుసు ప్రాణం వంటివి. నోటి క్యాన్సర్ చికిత్స పొందిన వ్యక్తికి మొదట దూరమయ్యేవి సరిగ్గా ఈ రుచులే. పుట్టినది మొదలు ఇష్టపడి తిన్న ఆహారమే నోటిలో నిప్పులా మండుతుంది.

ఆంధ్రదేశంలో ఈ వ్యాధికి ప్రధాన కారణం పొగాకు. గోదావరి లంకల్లో పండే పొగాకు చుట్టలకు ప్రసిద్ధి. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరప్రాంతాలలో, ముఖ్యంగా స్త్రీలలో, చుట్ట కాలుతున్న కొసను నోటిలోపల ఉంచుకొని పీల్చే 'అడ్డపొగ' అలవాటు ఉన్నది. ఆ వేడికి, పొగకు అంగిలి దెబ్బతిని క్యాన్సర్ సోకే ప్రమాదం ఏర్పడుతుంది. ఖైనీ, గుట్కా వంటివి బుగ్గ లోపలి పొరను, చిగుళ్ళను, నాలుక అంచులను దెబ్బతీస్తాయి. పొగాకు కలపని వక్క కూడ క్యాన్సర్ కారకమే. వీటికి మద్యం తోడైతే ముప్పు మరింత పెరుగుతుంది.

ఈ వ్యాధికి శస్త్రచికిత్స, రేడియేషన్, మందులు అనే మూడు విధాలైన చికిత్సలు ఉన్నాయి. రోగి పరిస్థితిని బట్టి వైద్యులు వీటిలో ఒకటి గాని, రెండు మూడు కలిపి గాని అనుసరిస్తారు. రేడియేషన్ సాధారణంగా వారానికి అయిదు రోజుల చొప్పున ఆరు, ఏడు వారాలపాటు సాగుతుంది. క్యాన్సర్ కణాలు వేగంగా విభజన చెందుతాయి కనుక, అట్టి కణాలను నాశనం చేయడమే ఈ చికిత్స లక్ష్యం. అయితే నోటి లోపలి పొరలోని ఆరోగ్యవంతమైన కణాలు కూడ త్వరత్వరగా విభజన చెంది, పాతవాటి స్థానంలో కొత్తవి పుడుతుంటాయి. అందువల్ల వ్యాధి కణాలతోపాటు అవి కూడ దెబ్బతింటాయి. 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించి, మెథోట్రెక్సేట్ అనే మందు ఆవిర్భావానికి కారకులైనారు. అనేక రకాల క్యాన్సర్లలో ఎందరికో మేలు చేసిన ఆ మందుకు కూడ నోటిపూత ఒక దుష్ఫలితం. వ్యాధిని తగ్గించే శక్తి ఎక్కడ ఉన్నదో, నోటిని గాయపరిచే గుణం కూడ అక్కడే ఉన్నది.

రేడియేషన్ మొదలైన రెండు మూడు వారాలకు నోరు పూస్తుంది. మింగడం బాధాకరమవుతుంది. ఆరోగ్యవంతునిలో రోజుకు అర లీటరు నుండి లీటరున్నర వరకు ఊరే లాలాజలం బాగా తగ్గిపోతుంది. నోరు ఎండి, అన్నం ముద్ద నాలుకకు, అంగిలికి అంటుకొనిపోతుంది. రుచి తెలియదు, ఒక్కొక్కప్పుడు అన్నీ చేదుగానో, ఇనుము నాకినట్లుగానో తోస్తాయి. దవడ కండరాలు బిగుసుకొని నోరు పూర్తిగా తెరుచుకోకపోవచ్చు. చికిత్స ముగిసిన కొన్ని వారాలకు పుండ్లు మానుతాయి. రుచి నెలల తరబడి క్రమంగా తిరిగివస్తుంది. నోటి ఎండుదనం మాత్రం కొందరిలో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది.

పేదవారికి ఉచిత వైద్యం అందించే ఉద్దేశంతో 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్య సేవ పేరుతో కొనసాగుతున్నది. క్యాన్సర్ చికిత్సలు కూడ ఈ పథకంలో ఉన్నాయి. చికిత్స ఖర్చు పథకం భరించవచ్చు; ఇంటికి వచ్చిన రోగికి రోజూ వండిపెట్టే భారం మాత్రం కుటుంబానిదే. నమలలేనివానికి ఏది సులువుగా దిగుతుందా అని ఇల్లాలు ఆలోచిస్తుంది. గంజి, సగ్గుబియ్యం జావ, కొబ్బరినీళ్ళు, పలుచని మజ్జిగ ఇస్తుంది. అవి సులువుగానే దిగుతాయి. రోగి కడుపు నిండినదని ఆమె తృప్తి పడుతుంది. కాని నెల తిరిగేసరికి అతని బట్టలు వదులవుతాయి, బుగ్గలు లోపలికి పోతాయి. వ్యాధి ముదిరినదేమోనని ఇంటిల్లిపాది భయపడతారు. చాలా సందర్భాలలో అతనిని కృశింపజేసేది ఆకలి.

ఇందులోని లెక్క సులభమే. గుప్పెడు బియ్యం, అనగా సుమారు ఇరవై గ్రాములు, కాచిన గ్లాసుడు గంజి డెబ్బై కిలోకాలరీల శక్తిని మాత్రమే ఇస్తుంది. అందులో మాంసకృత్తులు ఒకటిన్నర గ్రాములకు మించవు. సగ్గుబియ్యంలో ఉన్నదంతా దాదాపు పిండిపదార్థమే. యాభై కిలోల బరువున్న రోగికి రోజుకు సుమారు 1500 కిలోకాలరీల శక్తి, యాభై నుండి డెబ్బై అయిదు గ్రాముల మాంసకృత్తులు అవసరం. ఈ అవసరాన్ని గంజితోనే తీర్చాలంటే రోజుకు ఇరవై గ్లాసులు తాగినా చాలదు. మెత్తనిదల్లా బలమైనది కాదన్న సత్యాన్ని ఇక్కడే గ్రహించాలి. బరువు తగ్గిపోతే రేడియేషన్ కోసం ముఖానికి అచ్చు తీసి చేసిన తొడుగు వదులై, తిరిగి చేయవలసి వస్తుంది. నీరసం వల్ల చికిత్స మధ్యలో ఆగితే, మిగిలిన క్యాన్సర్ కణాలు మరల పెరగడానికి వ్యవధి దొరుకుతుంది. కనుక ఆహారం చికిత్సలో ఒక భాగమే.

దీనికి తోడు పథ్యం పేరిట మరొక చిక్కు ఎదురవుతుంది. పప్పు తింటే పుండు చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని, పెరుగు జలుబు చేస్తుందని ఎన్నో ఇళ్ళలో నమ్ముతారు. ఆ నమ్మకం వెనుక రోగిపై ఉన్న ప్రేమను కాదనలేము. కాని చీము పట్టడానికి కారణం సూక్ష్మక్రిములు, పప్పు కాదు. తెగిన కండ అతుక్కోవడానికి, కొత్త చర్మం పుట్టడానికి శరీరానికి కావలసిన ముడిసరుకు మాంసకృత్తులే. ఇల్లు కట్టేవేళ ఇటుకలు దాచిపెట్టి సున్నం మాత్రమే ఇచ్చినట్లుంటుంది ఆ పథ్యం.

బలమైన మెత్తని ఆహారం కోసం దూరం వెళ్ళనక్కరలేదు. దెందులూరు వంటి పల్లెలో అవి ఇంటింటా ఉన్నవే. పెసరపప్పును మెత్తగా ఉడికించి, మెదిపి, బాగా ఉడికిన అన్నంలో నెయ్యితో కలిపితే గొంతులో జారిపోయే ముద్ద తయారవుతుంది. చెంచాడు నెయ్యి నలభై అయిదు కిలోకాలరీల శక్తినిస్తుంది. పొడి నోటిలో ముద్దకు జారుడుతనం కూడ కలిగిస్తుంది. ఇడ్లీని పాలలో గాని, పలుచని పప్పుకట్టులో గాని నానబెట్టవచ్చు. గుడ్డును పాలు కలిపి గిలకొట్టి, సన్నని సెగపై పూర్తిగా ఉడికిస్తే వెన్నలా మెత్తగా ఉంటుంది. పచ్చిగుడ్డు మాత్రం ఇవ్వరాదు. అరటి, సపోటా, బొప్పాయి పండ్లను చిదిమి పెరుగులో కలపవచ్చు. వేసవిలో తాటిముంజలు నోటికి చల్లదనాన్నిస్తాయి. అయితే వాటిలో అధికభాగం నీరే కనుక వాటినే ఆహారంగా భావించరాదు.

కొల్లేరు ప్రాంతంలో చేపకు కొదవ లేదు. కాని ముల్లు విషయంలో జాగ్రత్త అవసరం. శీలావతి, బొచ్చె చేపల కండలో సన్నని ముళ్ళు ఉంటాయి. నొప్పితో మొద్దుబారిన నోరు వాటిని గుర్తించలేదు. కొర్రమీనులో అట్టి ముళ్ళు తక్కువ. జబ్బుపడి లేచినవారికి అది బలమని జనం నమ్మకం కూడ. దానిని ఆవిరిపై ఉడికించి, కండను వేళ్ళతో విడదీసి, ముల్లు లేదని నిర్ధారించుకొని, మెదిపి అన్నంలో కలపాలి. రెండు గుడ్లు, అర లీటరు పాలు, అరవై గ్రాముల పెసరపప్పు, చిన్న గిన్నెడు పెరుగు, డెబ్బై అయిదు గ్రాముల చేప: ఇవన్నీ కలిస్తే రోజుకు అరవై గ్రాములకు పైగా మాంసకృత్తులు సమకూరుతాయి. చేప, గుడ్డు తిననివారు పాలపొడి కలిపిన పాలు, పెరుగు, పప్పు పెంచుకొని ఆ లోటు తీర్చుకోవచ్చు.

చోళ్ళ జావ విషయంలో ఒక శాస్త్రీయమైన కిటుకు ఉన్నది. పిండి ఎక్కువ వేస్తే జావ గట్టిపడి మింగుడుపడదు. నీరు ఎక్కువ పోస్తే బలం తగ్గుతుంది. చోళ్ళను రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, లేతగా వేయించి పిండి చేయాలి. మొలకెత్తే గింజలో అమైలేజ్ అనే ఎంజైము పుడుతుంది. చిక్కగా కాచిన జావ గోరువెచ్చగా ఉన్నప్పుడు ఈ మొలక పిండిని చెంచాడు కలిపితే, పిండిపదార్థం విడిపోయి జావ పలుచబడుతుంది. అప్పుడు దానిని మరొకసారి కాచి చల్లార్చి ఇవ్వవచ్చు. అదే గ్లాసులో ఎక్కువ గింజ ఇముడుతుంది. మన లాలాజలంలో సహజంగా ఉండే ఎంజైము కూడ అమైలేజే. ఎండిపోయిన నోరు చేయలేని పనిని మొలకెత్తిన చోడిగింజ గిన్నెలోనే చేసిపెడుతుంది.

రోగికి వేరే వంట చేయవలసిన అవసరం చాలావరకు ఉండదు. ఇంటివారికి వండే పప్పులో, కూరలో కారం, చింతపండు, తాలింపు వేయకముందే అతని వాటాను తీసిపెట్టి మెత్తగా మెదిపితే చాలును. నిమ్మ, బత్తాయి, అనాస వంటి పుల్లని పండ్లు, ఊరగాయలు, వేపుళ్ళు, అప్పడాలు పుండ్లు మానేవరకు మానాలి. పొగలు కక్కే వేడికంటె గోరువెచ్చనివి, చల్లనివి హాయినిస్తాయి. మూడుపూటలా పెద్ద భోజనానికి బదులు రెండు మూడు గంటలకొకసారి కొద్దికొద్దిగా పెట్టాలి. గ్లాసుడు గోరువెచ్చని నీటిలో పావు చెంచా తినేసోడా, అందులో సగం ఉప్పు కలిపి రోజుకు పలుమార్లు పుక్కిలిస్తే నోరు శుభ్రంగా ఉంటుంది. మధుమేహం గలవారు తీపి పండ్లు, బెల్లం విషయంలో వైద్యుని సలహా పొందాలి.

మింగేటప్పుడు పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని తెలుగువారు సరదాగా అంటారు. నాలుకకు శస్త్రచికిత్స జరిగిన వ్యక్తికి తరచుగా పొలమారడం మాత్రం హెచ్చరిక. ఆహారం గాని, నీరు గాని శ్వాసనాళంలోకి జారి ఊపిరితిత్తులకు జబ్బు చేయవచ్చు. అట్టివారికి పలుచని నీరు చిక్కని పదార్థం కంటె ప్రమాదకరం. మొలక పిండితో పలుచన చేసిన జావ కూడ వారికి తగదు. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో పెట్టి, తిన్న తరువాత అరగంట వరకు పడుకోనీయరాదు. ఏ చిక్కదనం తగినదో మింగే శిక్షణ ఇచ్చే నిపుణులు పరీక్షించి చెబుతారు. నోటితో బొత్తిగా తినలేని రోజులలో వైద్యులు ముక్కు గుండా గొట్టం వేసి ఆహారం పంపుతారు. గొట్టం వేయగానే ఆశ వదులుకోనక్కరలేదు; నోరు మానేవరకు అది ఒక వంతెన.

ఈ శ్రమ అంతటిలో మరువరాని విషయం మరొకటి ఉన్నది. తినేటప్పుడు పెదవుల నుండి జావ కారుతుందని, ఆలస్యమవుతుందని రోగి సిగ్గుపడి, నలుగురితో కలిసి కూర్చోవడం మానుకొంటాడు. గ్లాసు పుచ్చుకొని పెరటివైపు వెళ్ళిపోతాడు. పెళ్ళి పిలుపు వచ్చినా వెళ్ళడు. భోజనం మనవారిలో కేవలం ఆకలి తీర్చే పని కాదు. పంక్తిలో కూర్చోవడం మనుషుల్లో ఒకరుగా ఉండడం. ఇంటివారు తమ విస్తరి ప్రక్కనే అతని గిన్నెనూ ఉంచి, అతడు ముగించేవరకు తొందరపెట్టక కూర్చుంటే, ఆ ముద్ద మరింత సులువుగా దిగుతుంది.

పొగాకుకు దూరంగా ఉండి ఈ వ్యాధిని దరిచేరనీయకపోవడం యువతరం చేయగలిగిన మొదటి మేలు. నోటిలో మూడు వారాలు గడిచినా మానని పుండు గాని, తెల్లని, ఎర్రని మచ్చ గాని కనబడితే వెంటనే పరీక్ష చేయించడం రెండవది. ఇంట్లోనో, ఇరుగుపొరుగునో ఎవరైనా ఈ చికిత్స పొంది తిరిగివస్తే, గంజి గ్లాసు వద్ద ఆగిపోక, బలమైన మెత్తని ముద్దను ఓపికతో కలిపిపెట్టడం మూడవది. మూడవదానికి కావలసిన పప్పు, పాలు, నెయ్యి దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి.