గాజు తుక్కుకు సిమెంటు గిరాకీ
మెత్తగా నూరితేనే సరుకుకు విలువ

గాజు తుక్కు వ్యాపారంలో పాత చిక్కు ఒకటి వున్నది. రంగుల వారీగా ఏరిన శుభ్రమైన పెంకులను గాజు ఫ్యాక్టరీలు కొంటాయి. రంగులు కలిసిపోయి, పింగాణీ ముక్కలు, మూతలు చేరిన సరుకును మాత్రం అడిగే నాథుడుండడు. అట్టి కలగలుపు సరుకుకు కెనడాలోని క్విబెక్ రాష్ట్రం సిమెంటులో చోటు చూపింది.

అక్కడి ప్రభుత్వ మద్యం విక్రయ సంస్థ ఎస్.ఎ.క్యూ. అండతో షెర్‌బ్రూక్ విశ్వవిద్యాలయం చాలా ఏళ్లు పరిశోధన సాగించింది. 2021లో మాంట్రియల్‌లో పూర్తయిన డార్విన్ వంతెనల కాంక్రీటులో సిమెంటును 10 శాతం తగ్గించి, గాజు పొడి వాడారు. పట్టిన పొడి సుమారు 40 టన్నులు. అంటే దాదాపు 70 వేల వైన్ సీసాలు.

పెంకు వేరు, పొడి వేరు

సీసా గాజులో సుమారు 70 శాతం సిలికా వుంటుంది. పెంకులను కంకరకు బదులుగా వేస్తే, సిమెంటులోని క్షారం ఈ సిలికాతో కలిసి జిగురుగా మారుతుంది. ఆ జిగురు తేమను పీల్చి ఉబ్బగా కాంక్రీటు బీటలు వారుతుంది. కాంక్రీటును చెరిచే ఈ క్షార-సిలికా చర్యను 1940లో కాలిఫోర్నియాకు చెందిన థామస్ స్టాంటన్ వెల్లడించారు. అదే గాజును 75 మైక్రాన్లకు మించి మెత్తగా నూరితే, సిమెంటు నుండి వెలువడే సున్నంతో కలిసి బలాన్నిస్తుంది. తొలి వారాల్లో మాత్రం బలం నెమ్మదిగా వస్తుంది.

లాభనష్టాలు

కనుక ఈ సరుకు ధరను నిర్ణయించేది పెంకు వెల కాదు. కడుగుడు, నూరుడు, రవాణా ఖర్చులు. సీసాల్లో మిగిలిన చక్కెర సిమెంటు గట్టిపడటాన్ని ఆలస్యం చేస్తుంది గనుక కడగక తప్పదు. అమెరికాలో గాజు పొడికి 2020లో ఎ.ఎస్.టి.ఎం. సి1866 ప్రమాణం ఏర్పడింది. బొగ్గు విద్యుత్కేంద్రాలు మూతపడి ఫ్లైయాష్ తగ్గడం అక్కడ గాజు పొడికి కలిసి వచ్చిన అంశం.

మన దేశంలో పరిస్థితి వేరు. పి.పి.సి. సిమెంటులో 15 నుండి 35 శాతం వరకు ఫ్లైయాష్ కలపవచ్చు. థర్మల్ కేంద్రాల నుండి అది విస్తారంగా దొరుకుతున్నది. దానితో పోటీపడి నిలవాలంటే గాజు పొడి తక్కువ దూరంలో, తక్కువ ఖర్చుతో తయారు కావాలి. అందువల్ల తుక్కు వర్తకులు శుభ్రమైన పెంకును గాజు ఫ్యాక్టరీలకే అమ్ముకోవడం మేలు. సిమెంటును నమ్మి కలగలుపు సరుకును నిలువ చేయదలచినవారు ముందుగా నూరేవారిని, కొనేవారిని చూసుకోవడం మంచిది.