నేల వెల - నలుగురి మాట

విజయవాడలో బందరు రోడ్డు ప్రక్కనున్న ఒక గజము నేలకు నేడు పలుకు వెలను విన్నవారు ముక్కుమీద వ్రేలు వేసికొందురు. ఏబది యేండ్లకు పూర్వము అదే నేలకు ఆ వెలలో లేశమైనను లేదు. నేల అదియే. మన్ను మారలేదు, వైశాల్యము పెరుగలేదు. అయినను వెల పెక్కు రెట్లయినది. ఈ పెరుగుదల ఎవరి కష్టమువలన కలిగినది?

ఈ ప్రశ్నకు సమాధానము నగర చరిత్రలోనే కలదు. బెజవాడ ఒకప్పుడు ఇంద్రకీలాద్రి పాదమున నొదిగియున్న చిన్న ఊరు. 1855లో కృష్ణకు ఆనకట్ట పూర్తియైనది. ఇంద్రకీలాద్రికిని ఆవలియొడ్డున నున్న సీతానగరపు కొండకును నడుమ నీరు నిలిచి, కాలువలలోనికి మరలినది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవసు కాలువ పట్టణము నడుమనుండియే సాగిపోయినవి. వానిమీద నీరు పారినది, పడవలు నడచినవి, దిగువ డెల్టాలో పండిన ధాన్యము అంగడికి వచ్చినది. 1888లో పురపాలక సంఘ మేర్పడెను. 19వ శతాబ్దము చివర కృష్ణపై రైలు వంతెన వెలసి, పలు దిక్కుల దారులు ఇచ్చట కలిసెను. 1957లో పాత ఆనకట్ట స్థానమున ప్రకాశం బ్యారేజి పూర్తియై, దానిమీదుగా రహదారి నడచుటతో ఆవలియొడ్డున గుంటూరు వైపునున్న పొలములకును గిరాకి పుట్టెను. 1981లో పురపాలక సంఘము నగరపాలక సంస్థగా మారెను.

బందరు రోడ్డుమీద స్థలముగల ఆసామి ఆనకట్టకు ఒక రాయియైనను మోయలేదు. రైలు పట్టాకు ఒక మేకైనను కొట్టలేదు. అయినను వాని వలన కలిగిన వెల అతని దస్తావేజులోనికి వచ్చి చేరినది. ఇందు అతని తప్పేమియు లేదు. కాని నేల ఒకని సొత్తయినను, దాని వెలలో పెద్ద పాలు పదుగురు కల్పించినదే యని దీనివలన తేలుచున్నది. కావుననే ఒక వీధి వెడల్పు చేయవలె ననినను, ఒక చెరువును పూడ్చి ఇండ్లు కట్టుదు మనినను, ఒక రాజధానిని నిర్మించుద మనినను, యజమానితోపాటు ఇరుగుపొరుగువారును నోరు విప్పుదురు.

అయితే, ఆ మాట వినువా రెవరు? ఎట్లు వినవలెను? ఇది చిన్న విషయము కాదు. మన దేశమున దీనికొరకు ఒక శతాబ్దికి పైగా పట్టినది.

బ్రిటిషు ప్రభుత్వము 1894లో భూసేకరణ చట్టము చేసెను. ప్రజోపయోగమునకు ప్రభుత్వము ఎవరి భూమినైనను తీసికొనవచ్చునని దాని సారాంశము. పరిహారము చాలదని రైతు వాదింపవచ్చును, కొలత తప్పని చెప్పవచ్చును, "అసలు నా భూమియే ఏల?" యని అడుగుటకు మాత్రము మొదట ఆ చట్టమున చోటు లేకుండెను. 1923లో చేసిన సవరణవలన, ముప్పది దినములలోపల అట్టి అభ్యంతరము చెప్పుకొను హక్కు కలిగెను. అప్పటికిని, భూమిలో ఆసక్తిగల వారికే ఆ హక్కు. దున్ను కూలికిని, కోత కోయు స్త్రీకిని సర్వే నంబరు లేదు గదా! వారి మాట లెక్కలోనికి రాలేదు.

2013లో పార్లమెంటు క్రొత్త చట్టము చేసెను. 2014 జనవరి 1 నుండి అది అమలునకు వచ్చి, పాత చట్టమును తొలగించెను. ఇందు గడువు అరువది దినములు. ప్రకటన ప్రాంతీయ భాషలోని దినపత్రికలోను, గ్రామ పంచాయతిలో స్థానిక భాషలోను ఉండవలెను. సేకరణకు ముందు దానివలన ఊరిలో ఎవరి బ్రతుకు ఎట్లు మారునో పరిశీలించి, బహిరంగ సభలో జనుల అభిప్రాయము వినవలెను. అన్నింటికంటె గొప్ప మార్పు వేరొకటి. మూడేండ్లుగా ఆ భూమినే నమ్ముకొని బ్రతుకుచున్న కౌలుదారులును, వ్యవసాయ కూలీలును కూడ నష్టపడు కుటుంబములని ఈ చట్టము అంగీకరించినది. సెంటు భూమి లేనివాడును సభలో లేచి నిలువగలిగెను.

నలుగురును మాటాడు చోట నియమము లుండవలెనన్న కొందరికి రుచింపదు. నిజము విచారించినచో, నియమము లేని సభలో బిగ్గరగా అరచువాడు గెలుచును. మెల్లగా చెప్పువాడు ఇంటికి పోవును. అభ్యంతరము వ్రాతపూర్వకముగా నుండవలె ననుట అందుకే: కాగితముమీద అందరి గొంతును ఒక్కటే. పేరు, ఊరు, సర్వే నంబరు వ్రాయవలె ననుటకును కారణము కలదు. ఊరు పేరు లేని మాటకు అధికారి ఏమని బదులు వ్రాయగలడు? గడువు లేకున్న వాదమునకు అంతము లేదు. గడువు మరీ తక్కువైనచో పొలము పనులలో నున్న రైతునకు వార్తయే చేరదు.

ఇక స్వలాభము మాట. క్రొత్త రహదారి రావలసినదేయని ఒకడు సభలో గంటసేపు ప్రసంగించెననుకొందము. ఆ దారి ప్రక్కనే అతనికి రెండెకరములు కలవని తెలిసినచో, విన్నవారు అతని వాదమును మరొక త్రాసులో తూచుదురు. అతడు మాటాడరాదని కాదు, చెప్పి మాటాడవలెను. తనకు ధనలాభముగల విషయమున సభ్యుడు వోటు వేయరాదని పురపాలక చట్టములు విధించుట ఇందులకే.

నేలను గూర్చి ఆడు అబద్ధము తక్కిన అబద్ధములకంటె ఖరీదైనది. 2014లో రాష్ట్రము విడిపోయి, రాజధాని ఎచ్చటనో తేలకమునుపు, నూజివీడు మొదలగు పేర్లు జనుల నోళ్లలో నానినవి. ఇట్టి సమయములందు వదంతిని నమ్మి, అప్పు చేసి స్థలము కొన్నవాని గతి యేమగునో ఊహింపవచ్చును. నేలకు కాళ్లు లేవు గాని, దాని వెలకు రెక్కలు కలవు. 2016లో వచ్చిన స్థిరాస్తి చట్టము ప్రకటనలకును కళ్లెము వేసెను. ఐదు వందల చదరపు మీటర్లకు మించిన స్థలమునగాని, ఎనిమిదికి మించిన గృహములనుగాని అమ్మువారు ముందుగా నమోదు చేయించుకొననిదే ప్రకటన చేయరాదు. ప్రకటనలోని తప్పు మాటను నమ్మి కొన్నవాడు నష్టపోయినచో వారు పరిహార మీయవలెను.

ఈ విషయము లన్నియు ఒక్కచోట కనబడినది అమరావతి యందు. 2014 సెప్టెంబరు 4న రాజధాని విజయవాడ పరిసరములలో నుండునని శాసనసభలో ప్రకటించిరి. సారవంతమైన ఆ పొలములను నగరముగా మార్చుట మంచిది కాదని అంతకు కొద్ది దినముల ముందే శివరామకృష్ణన్ సంఘము కేంద్రమునకు నివేదించియుండెను. ప్రభుత్వము సేకరణకు బదులు భూసమీకరణ పద్ధతిని ఎంచుకొనెను. రైతు తన పొలము నిచ్చును. ప్రభుత్వము దారులు, మురుగు కాలువలు వేసి, అందొక భాగమును ఇండ్ల స్థలముగను వాణిజ్య స్థలముగను తిరిగి యిచ్చును. ఎకరమునకు 4,840 గజములు. మెట్ట ఎకరమునకు 1,000 గజముల ఇంటి స్థలము, 200 గజముల వాణిజ్య స్థలము ఇత్తుమని మొదట చెప్పిరి. నదీతీరమున ఏడాది పొడవున అరటి, పసుపు, కూరగాయలు పండు జరీబు భూమికి వాణిజ్య స్థలము 300 గజములు. రైతులు అది చాలదని పట్టుబట్టగా, మెట్టకు 250, జరీబునకు 450 గజములుగా హెచ్చించిరి. మాటవలన కలిగిన ఫలమిది. భూమి లేని కుటుంబములకు నెలకు 2,500 రూపాయల పింఛను నిర్ణయించిరి.

ఇష్టము గలవారికి సమ్మతి పత్రము, లేనివారికి అభ్యంతర పత్రము వేరువేరుగా నుండెను. ముప్పదిమూడు వేల ఎకరములకు పైగా సమ్మతి లభించెను. పెనుమాక, ఉండవల్లి గ్రామములలో పెక్కుమంది రైతులు ఒప్పుకొనలేదు. ఏటికి మూడు పంటలు చూచిన కన్నులకు రాబోవు నగరపు వెల ఆనలేదు. వారిది మూర్ఖపు పట్టుదల యని కొందరు, దూరదృష్టి యని కొందరు తలచిరి. 2015 డిసెంబరులో నగరపు చిత్తు ప్రణాళికను ప్రకటించి, అభ్యంతరములను కోరిరి. ఊరిలోని ఇండ్లమీదుగా రహదారులు పోవుచున్నవని గ్రామస్థులు మొరపెట్టుకొనిరి. మరుసటి ఫిబ్రవరిలో తుది ప్రణాళిక వెలువడెను.

తరువాతి కథ సుఖమైనది కాదు. 2019లో ప్రభుత్వము మారెను, 2020లో మూడు రాజధానుల చట్టము వచ్చెను, పనులు నిలిచిపోయెను. పొలమును ఇచ్చివేసి, స్థలము చేతికి రాని రైతులు దీక్షలు చేసిరి, న్యాయస్థానమునకు పోయిరి. 2022 మార్చి 3న హైకోర్టు వారి పక్షమున తీర్పు చెప్పెను; అందు గడువులు విధించిన భాగమును ఆ యేడే సుప్రీంకోర్టు నిలిపివేసెను. 2025 మే 2న పనులు తిరిగి ఆరంభమయ్యెను. సమ్మతి పత్రముపై సంతకము చేసిన రైతు కిచ్చిన మాట ఎంతకాలము నిలువవలె నను ప్రశ్నకు సమాధానము ఏ పత్రములోను స్పష్టముగా లేకపోయెను.

కృష్ణకు ఈవలియొడ్డున వేరొక పాఠము కలదు. మైలవరము కొండలనుండి వచ్చి కొల్లేటిలో కలియు బుడమేరు విజయవాడ అంచున పారును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో దాని మళ్లింపు కాలువ కట్టలకు గండ్లు పడి, అజిత్‌సింగ్ నగర్ మొదలగు పేటలు రోజుల తరబడి నీట మునిగెను. మేడమీది కెక్కినవారికి పడవలమీద అన్నము, నీరు చేర్చవలసివచ్చెను. స్థలము కొనునపుడు వారిలో ఎందరు గజము వెల అడిగిరో, వాన కాలమున నీరెంత ఎత్తు వచ్చునని ఎందరు అడిగిరో! ఏ వీధిలో ఎంతవరకు నీరు నిలుచునో ఆ పేటలలోని వృద్ధులకు పటములు గీచువారికంటె బాగుగా తెలియును. నగర ప్రణాళిక చిత్తు ప్రతిని తుదిచేయక ముందు జనుల ఎదుట పెట్టుటలోని ముఖ్య ప్రయోజనము ఇట్టి ఎరుకను కాగితముమీదికి రప్పించుటయే. 2013 నాటి చట్టము ప్రకారము, కలెక్టరు అభ్యంతరములను విని, తన సిఫారసులతో పాటు ఆ విచారణ జరిగిన తీరును తెలుపు కాగితములను కూడ ప్రభుత్వమునకు పంపవలెను. పంచాయతి అరుగుమీద ఒక ముసలిరైతు చెప్పిన మాటయు ఆ కాగితములతో పాటు రాజధానికి పోవును.