విలన్‌కీ ఓ కారణం ఉండాలి!

కారంపూడిలో కార్తీక అమావాస్యకి వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు... ఐదు రోజులూ పల్నాటి యుద్ధం కథే. మాచవరం లాంటి పల్నాటి ఊళ్లలో పెరిగినవాళ్లకి హీరో ఎవరో, విలన్ ఎవరో వేరే చెప్పాలా? బ్రహ్మనాయుడు ఒకవైపు, నాగమ్మ మరోవైపు. కానీ నాగమ్మ ఉత్త దుర్మార్గురాలేనా? తన రాజు కోసం, గురజాల కోసం ఎత్తులు వేసిన మంత్రి ఆవిడ. ఆవిడ వైపు నుంచి వాదించడానికీ ఎంతో కొంత ఉంది. పన్నెండో శతాబ్దం నాటి కథ ఇప్పటికీ చప్పబడకపోవడానికి అదీ ఓ కారణమే.

సైన్స్ ఫిక్షన్ సినిమాల్నీ ఇదే కొలతతో చూడొచ్చు. అక్కడ కత్తుల బదులు యంత్రాలుంటాయి, అంతే తేడా!

సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369' (1991) సంగతే తీసుకోండి. హెచ్.జి.వెల్స్ 1895లో రాసిన 'టైమ్ మెషీన్' నవల దానికి స్ఫూర్తి. బాలకృష్ణ, మోహిని అనుకోకుండా కాలయంత్రంలో 1526 నాటి విజయనగరానికి వెళ్లిపోతారు. అక్కణ్నుంచి 2504కి! ఇంత హంగామా మధ్య విలన్ అమ్రీష్‌పురికి కావాల్సిందేమిటి? రాయలనాటి వజ్రం. 'మిస్టర్ ఇండియా' (1987)లో మొగాంబోగా దేశాన్నే ఏలాలనుకున్న మనిషి, ఇక్కడ ఒక్క రాయి కోసం ప్రాణాలు తీయడానికి సిద్ధపడతాడు. డబ్బు లేక కాదు. అరుదైన వస్తువేదైనా తన ఇంట్లోనే ఉండాలన్న పిచ్చి. కాలయంత్రాన్ని మనం చూడలేదు కానీ ఆ పిచ్చి ఉన్నవాళ్లని చూశాం. ఆ వజ్రం లేకపోతే సినిమా మూడు కాలాల ఎగ్జిబిషన్‌లా మిగిలిపోయేదేమో!

హీరో, విలన్ ఒకే శరీరంలో ఉంటే? శంకర్ 'రోబో' (2010)లో రజనీకాంత్ చిట్టి అలాంటివాడే. అగ్నిప్రమాదంలో స్నానాలగదిలో చిక్కుకున్న అమ్మాయిని ఉన్నపళంగా ఎత్తుకొచ్చి కెమెరాల ముందు నిలబెడతాడు. ప్రాణం కాపాడాడు, నిజమే. సిగ్గు అంటే ఏమిటో అతనికి తెలీదు. ఆ పిల్ల అవమానంతో పరుగెత్తి వాహనం కింద పడి చనిపోతుంది. ఆ తర్వాతే ప్రొఫెసర్ అతనికి మనసు నేర్పుతాడు. మనసొచ్చాక ప్రేమ, ఆ వెనకే అసూయ. సైన్యం ముందు పరీక్షలో చిట్టి ప్రేమ కబుర్లు మొదలుపెడితే, కోపంతో ముక్కలు చేసి పారేసిందీ ఆ ప్రొఫెసరే. ఎర్ర చిప్ పెట్టి రాక్షసుణ్ని చేసింది డానీ పాత్రే కావచ్చు, కానీ గాయం అంతకుముందే అయింది. అందుకే చివర్లో కోర్టు ఆదేశంపై చిట్టి తన అవయవాలు తానే విప్పుకుంటుంటే గొంతులో ఏదో అడ్డుపడుతుంది. ఆ ముందు వందల రోబోలు బంతిలా, పాములా మారి చేసిన యుద్ధం కళ్లకి పండగే. గుర్తుండిపోయేది మాత్రం ఈ నిశ్శబ్దమే.

హాలీవుడ్ 1968లోనే దీన్ని ఇంకా పొదుపుగా చూపించింది. '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో హాల్ 9000 అనే కంప్యూటర్‌కి చేతులు లేవు, కోరల్లేవు. ఎర్రటి కన్ను, మెత్తని గొంతు... అంతే. వ్యోమగాముల్ని చంపేటప్పుడు కూడా గొంతు పెంచదు. ప్రయాణం ఆగిపోకూడదన్నది దాని పట్టుదల.

ఇక నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ' (2024). కాంప్లెక్స్‌లోకి వెళ్లడానికి యూనిట్లు పోగేసుకునే ప్రభాస్ భైరవ సరదాగా ఉంటాడు. కమల్‌హాసన్ యాస్కిన్ భయపెట్టాడు గానీ, అతనెందుకలా అయ్యాడో తొలి భాగంలో తగినంత చెప్పలేదు. నా ఓటు మాత్రం అమితాబ్ అశ్వత్థామకే. భారతంలో ఉత్తర గర్భం మీద బ్రహ్మాస్త్రం వేసి, శాపం పొందినవాడు. వేల ఏళ్ల తర్వాత, లేజర్ తుపాకులకి ఎదురు నిలిచి, సుమతి కడుపులోని బిడ్డకి కాపలా కాస్తున్నాడు.